గోడ రుచి

మొదటిరోజు ఖాజావలి నిచ్చెన కూడా తేలేదు.
సైకిలుకు స్టాండు వేసి, చెప్పులు విడిచి,
తూర్పు గోడ దగ్గరకు పోయి
వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు.
తుపుక్కున ఊసి
"ఉప్పుండాది తల్లా" అన్నాడు.

జువ్వలదిన్నెలో ఉప్పు లేనిదేముంది?
కిటికీ ఊచల్లో ఉంది, ఆరేసిన యూనిఫాంలో ఉంది.
కావలి డిపోలో పదకొండేళ్లు టిక్కెట్లు కొట్టి
కట్టుకున్న రెండు గదుల్లోకి
నాకంటే ముందే వచ్చి కాపురం పెట్టింది.

నా చేతిలో షేడ్ కార్డు.
ట్రంకురోడ్డు కొట్లో అడిగి తెచ్చుకున్నది,
నెల రోజులు చిల్లర సంచిలో తిరిగింది.
ఉదయగిరి పోయేటప్పుడు నచ్చిన ఆకుపచ్చ
తిరుగు ట్రిప్పులో నచ్చేది కాదు.
పేర్లన్నీ ఎన్నడూ చూడని ఊళ్ల సాయంత్రాలు,
ఎన్నడూ తినని పండ్లు.
పెన్సిలుతో నా పేర్లు నేను రాసుకున్నా:
పండీ పండని ఉలవపాడు మామిడి,
ఉడికిన రొయ్య,
డ్రైవరు ఓబులేసు పెళ్లినాటి చొక్కా.

ఖాజావలి కార్డు తెరవనైనా లేదు.
"రంగు నీ ఇష్టం మా.
రంగు కింద ఏముండాలో అది నా ఇష్టం."

బోరునీళ్లు వద్దన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు.
గోడకు మూడుసార్లు తలంటు.
ఎండనిచ్చి, పూసిన తెల్లపొడిని బ్రష్షుతో దులిపి,
మళ్లీ ఎండనిచ్చి, మళ్లీ నాలిక.
కొట్టాయన చవగ్గా ఇస్తానన్న లోపలిగోడ డబ్బా గురించి చెబితే
"పట్టుచీర కట్టుకొని ఉప్పుకయ్యలో దిగినట్టుంటది" అని
బీడీ వెలిగించుకున్నాడు.
వేపచెక్క తలుపుకు పెయింటే వద్దన్నాడు.
"పెయింటు పైన కూర్చుంటది.
స్టెయిను లోపలికి పోయి చెక్కతో మాట్లాడతది.
ఏడాదికోసారి పలకరిస్తే చాలు."

లెక్క వేస్తే నా డబ్బు ప్రైమరుకే సరిపోయింది.
కనపడని దానికి అంత ఖర్చా అని
రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు.
పోతూ పోతూ గోడ మూలన
అరచేయంత నాలుగు మచ్చలు వేశాడు, నాలుగు రంగులు.
"వాన పొయ్యినాక చూస్తాం" అన్నాడు,
సంబంధం చూడటానికి వచ్చిన పెద్దమనిషిలాగా.

రెండు నెలలు తెల్లగా నిలబడింది ఇల్లు.
వలలు మోసుకుపోయే వాళ్లు ఆగి
"ఏం మే, ఆస్పత్రి కట్టినావా?" అని అడిగేవాళ్లు.
మా ఆయన దొడ్డిదారిన రావడం మొదలుపెట్టాడు.

కార్తీకంలో గాలివాన.
మూడురోజులు బస్సులు లేవు, కరెంటు లేదు.
సముద్రం గోడ మీదికి పిడికెళ్లతో విసిరింది
ఇసక, ఉప్పు, చేపపొలుసు.

నాలుగోనాడు లాంతరు పట్టుకుని పోయి చూశా.
మామిడి పెచ్చులు లేచింది.
రొయ్య వెలిసి అంబలి రంగుకు దిగింది.
ఓబులేసు చొక్కా, పాపం, బొబ్బలెక్కింది.
మిగిలింది నాలుగోది,
నేను ఒక్కసారి కూడా నిలబడి చూడనిది.
అల వెనక్కి పోయాక తడి ఇసక ఉంటుంది చూడండి,
అట్లా.

"ఇది కార్డులో ఏ పేజీ, ఖాజావలీ?"
"కార్డులో లేదు తల్లా.
మిగిలిన రెండు డబ్బాలు కలిపినా."
"మళ్లా అదే వస్తదా?"
తల గోక్కున్నాడు.
"అదే రాదు. దానికి వరసకు తమ్ముడొస్తాడు."

తమ్ముడే వచ్చాడు. రెండు కోట్లు.
అన్న ఇంకా మూలన ఉన్నాడు, చెరపనియ్యలేదు నేను.

ఈ తెల్లవారుజామున ఫస్ట్ సర్వీసుకు పోతూ,
ఎవరూ చూడట్లేదని నిదానించుకుని,
గోడకు వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నా.
ఏ రుచీ లేదు.
గేటు ఇంకా రెడాక్సైడులోనే ఉంది.
దాని సంగతి వచ్చే బోనసుకు.